ప్రొవాన్: నది లేదు, రేవు లేదు, అయినా 13వ శతాబ్దపు వర్తకమంతా అక్కడే ఎందుకు జరిగింది?

గట్టుమీద_గోపాలం
పారిస్‌కు ఆగ్నేయంగా 80 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ప్రొవాన్ గురించి ఈమధ్య వీడియోలు తెగ వస్తున్నాయి. అన్నింట్లోనూ ఒకటే పాట: "80 వేల జనాభా, పారిస్, రువాన్ తర్వాత ఫ్రాన్సులో మూడో నగరం." ఇప్పుడక్కడ ఉన్నది 12 వేల మంది. ఈ లెక్క ఎక్కడిదో ఎవరూ చెప్పరు. అసలు సంగతి అది కూడా కాదు. పక్కన పారే వూల్జీ, డ్యుర్తాన్ రెండూ పిల్ల ఏర్లు, సరుకు పడవలు వెళ్లే నదులు కావు. సముద్రం ఎక్కడో ఉంది. మరి ఇటలీ రేవు జెనోవా వాడు, ఇప్పటి బెల్జియం వైపు ఫ్లాండర్స్ వాడు అక్కడి సంతల్లోనే ఎందుకు కలుసుకున్నారు? కలుసుకున్నవాళ్లు 1350 నాటికల్లా ఎందుకు మానేశారు? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. "కాలం మారింది" అని సరిపెట్టొద్దు.

శాసనాల_శాస్త్రి
80 వేలు పాత పుస్తకాల్లో "అని చెబుతారు" అన్న మాటతో వచ్చిన అంకె. వీడియోల వాళ్లు "అని చెబుతారు" తీసేశారు, అంకె మాత్రం ఉంచుకున్నారు.

కోటగోడ
ఎగువ ఊరు, దిగువ ఊరు కలిపి పాత పట్టణం వంద హెక్టార్లకు అటూ ఇటూ. 80 వేలంటే హెక్టారుకు 800 మంది. లోపల మఠాలు, తోటలు, సంత మైదానాలు, మగ్గాల చావళ్లు ఉన్నాయి. రెండు మూడు అంతస్తుల ఇళ్లలో అంతమంది పట్టరు. ఊరికి పారిష్‌లు (ఒక్కో చర్చి కింది పేటలు) కూడా నాలుగే.

గట్టుమీద_గోపాలం
సంత రోజుల్లో వచ్చే జనాన్ని కలుపుకుంటే?

కోటగోడ
కలిపినా రాదు. ఊరు పెద్దదే, ఎవరూ కాదనరు. కానీ దాని గొప్పతనం జనాభాలో లేదు. అక్కడ చేతులు మారిన డబ్బులో ఉంది, అక్కడ తీర్చుకున్న బాకీల్లో ఉంది.

శాసనాల_శాస్త్రి
నది లేకుండా ఎలా అన్న ప్రశ్నకు నా జవాబు ఒక్క మాటలో: పూచీ. ప్రొవాన్ ఉన్న షాంపేన్ ప్రాంతాన్ని ఏలిన ప్రభువులు, అంటే షాంపేన్ కౌంట్లు, వర్తకుడికి దారి పొడుగునా పూచీ పడ్డారు.

1148లో ఒక సంగతి జరిగింది. వెజెలే ఊరి నాణేల మార్పిడిదారులు ప్రొవాన్ సంతకు వస్తుంటే దారిలో సాన్స్ వైకౌంట్ కొడుకు గారెన్ వాళ్లను దోచుకున్నాడు. అది షాంపేన్ కౌంట్ ఏలుబడిలోని నేల కాదు. అప్పటికి రాజు ఏడో లూయీ క్రూసేడుకు వెళ్లి ఉన్నాడు, రాజ్యం చూస్తున్నది సెయింట్ దెనీ మఠాధిపతి సుజే. రెండో తిబో కౌంట్ నేరుగా సుజేకు ఉత్తరం రాసి, పోయిన సొమ్ము తిరిగి ఇప్పించమని పట్టుబట్టాడు. దీన్ని వదిలేస్తే తన సంతలే నాశనమవుతాయని అందులో స్పష్టంగా రాశాడు. తన సరిహద్దు అవతల దోపిడీ జరిగినా అది తన గొడవే అనుకున్న పాలకుడు మరి దొరకడు. 1209లో రాజు ఫిలిప్ ఆగస్టస్ కూడా ఈ సంతలకు వచ్చిపోయేవాళ్లకు తన రాజ్యంలో అభయం ఇచ్చాడు. నది అయితే ప్రకృతి ఇచ్చేది. ఈ పూచీని మనుషులు కూర్చుని కట్టారు.

కాకతి_కలం
దాదాపు అదే కాలంలో, 1244-45లో, మోటుపల్లి రేవులో గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం గుర్తొస్తోంది. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును వెనకటి రాజులు లాక్కునేవారు, మేం మాత్రం నిర్ణీత సుంకమే తీసుకుంటాం అని.

శాసనాల_శాస్త్రి
సరిగ్గా అదే ఆలోచన, కాకతి గారూ. తేడా ఎక్కడంటే, మోటుపల్లి అభయం రేవులో దిగిన సరుకుకు. షాంపేన్‌ది దారికి, సరుకుకు, ఆ పైన సంత అయ్యాక మిగిలిన బాకీకి కూడా. ఆ మూడోదే అసలు బలం.

సంతలెక్క
సంతల క్యాలెండర్ చూడకుండా ఇది అర్థం కాదు. ఏడాదికి ఆరు సంతలు, నాలుగు ఊళ్లలో, ఒకదాని తర్వాత ఒకటి:

లాన్యిలో జనవరి 2 నుంచి. బార్-స్యుర్-ఓబ్‌లో లెంట్ ఉపవాసాల నడిమి వారానికి ముందు మంగళవారం నుంచి. ప్రొవాన్‌లో "మే సంత", ఎగువ ఊళ్లో సెయింట్ కిరియాస్ చర్చి దగ్గర, అసెన్షన్ పండుగ ముందు మంగళవారం నుంచి. త్రువాలో "వేడి సంత", జులైలో. మళ్లీ ప్రొవాన్, ఈసారి దిగువ ఊళ్లో సెయింట్ ఆయుల్ సంత, సెప్టెంబర్ 14 నుంచి. చివరగా త్రువా "చలి సంత", నవంబర్ 2 నుంచి.

ఒక్కోటి ఆరు వారాలకు పైనే. అంటే ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట సంత నడుస్తూనే ఉంటుంది. మేలో అరువుకు కొన్నవాడు "సెయింట్ ఆయుల్ సంతలో ఇస్తాను" అని రాసిస్తే సరిపోయేది, ఆ తేదీ అందరికీ తెలుసు కాబట్టి.

చీరాల_పడుగుపేక
లోపల రోజుల వరుస కూడా చెప్పండి. దానివల్లే బట్టల వర్తకం సజావుగా సాగింది.

సంతలెక్క
మొదటి 8 రోజులు "ప్రవేశం". బండ్లు దించడం, గది అద్దెకు తీసుకోవడం, సరుకు సర్దుకోవడం. తర్వాత బట్టల రోజులు. అవి ముగిశాక బంట్రోతులు "హారే! హారే!" అని కేకవేస్తే బట్టల అమ్మకం బంద్. తర్వాత తోళ్లు, ముఖ్యంగా కార్డోవా రకం మేకతోలు. ఆ తర్వాత తూకం సరుకులు: మిరియాలు, అల్లం, పటిక, రంగులు, మైనం. చివరి 4 రోజులు లెక్కలు తేల్చుకోవడానికి.

వరుస ఇలా ఎందుకంటే, ఒక రకం సరుకు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ అందరూ ఒకే రోజుల్లో ఎదురెదురుగా ఉంటే ధర తేలుతుంది. ఆలస్యంగా వచ్చినవాడికి మాత్రం దెబ్బే. ఇటలీ నుంచి ఆల్ప్స్ దాటి రావడానికి సరుకుకు నెలకు పైగా పట్టేది. కనుమల్లో మంచు పడి బట్టల రోజులు దాటిపోతే తర్వాతి సంత దాకా గది అద్దె కడుతూ కూర్చోవాలి. పెద్ద కంపెనీలు అందుకే సొంత మనుషుల్ని సంత ఊళ్లలోనే ఉంచి, ఉత్తరాలతో ధరలు తెప్పించుకునేవి.

లెక్కల_లింగయ్య
చివరి 4 రోజుల గురించి ఎవరూ సరిగ్గా రాయరు, నేను రాస్తాను. ముందు నాణెం: 12 దెనియేలు ఒక సూ, 20 సూలు ఒక లీవ్ర్. అంటే లీవ్ర్‌కు 240 దెనియేలు. లీవ్ర్ లెక్కల్లోనే ఉండేది, జేబులో ఉండేది దెనియే. ఒక్కోటి దాదాపు గ్రాము బరువు, రాగి కలిసిన వెండి.

ఉదాహరణకు ఇలా అనుకోండి. జెనోవా వాడు ఫ్లాండర్స్‌లోని ఈప్ర్ ఊరి బట్టల వర్తకుడికి 300 లీవ్ర్ ఇవ్వాలి. పారిస్ వాడు మిరియాలకు జెనోవా వాడికి 260 ఇవ్వాలి. ఈప్ర్ వాడు పారిస్ వాడికి 200 ఇవ్వాలి. ముగ్గురూ విడివిడిగా చెల్లిస్తే 760 లీవ్ర్ చేతులు మారాలి. అంటే 1,82,400 నాణేలు, 180 కిలోల పైన బరువు. ఒక్కొక్కటీ ఎంచాలి, నకిలీ ఉందేమో చూడాలి.

ముగ్గురూ మార్పిడిదారు బల్ల దగ్గర నిలబడి ఒకరి బాకీ ఒకరికి కోసేసుకుంటే? జెనోవా వాడు కట్టేది 40. పారిస్ వాడు కట్టేది 60. ఈప్ర్ వాడికి వచ్చేది 100. కదిలేది 24,000 నాణేలు, 24 కిలోలు. ఆ వంద కూడా తర్వాతి సంతకు రాసుకుంటే నాణెమే కదలదు. ఇప్పుడు బ్యాంకులు చేసే క్లియరింగ్‌లోని లెక్క ఇదే.

బందరు_హుండీ
మన హుండీల్లాంటివే కదా.

లెక్కల_లింగయ్య
దగ్గరే. అయితే వీటికి సంత పెద్దల ముద్ర పడేది. ఆ ముద్రతోనే కాగితానికి బలం.

గట్టుమీద_గోపాలం
ఎగ్గొడితే? జెనోవా వెళ్లిపోయినవాడిని షాంపేన్ కౌంట్ ఏం చేయగలడు?

శాసనాల_శాస్త్రి
అక్కడే మూడో పూచీ పనిచేసేది. "సంత కాపరులు" అని అధికారులు ఉండేవారు, సాధారణంగా ఇద్దరు. వాళ్ల కింద ముద్ర పట్టే అధికారి, బంట్రోతులు. ఫిర్యాదు వస్తే ముందు ఎగవేతదారు ఊరి పెద్దలకు ఉత్తరం వెళ్తుంది: ఫలానావాడి ఆస్తి జప్తు చేసి, అమ్మి, బాకీ పంపండి అని. ఆ ఊరు పట్టించుకోకపోతే, ఆ ఊరి వర్తకులందరికీ సంతల్లో ప్రవేశం నిషేధం.

ఒక్కడు ఎగ్గొడితే ఊరంతటికీ దారి మూసుకుపోతుంది. దాంతో సొంత ఊరివాళ్లే వాడి మెడ పట్టుకునేవారు. కౌంట్‌కు జెనోవా దాకా సైన్యం పంపే పనిలేదు.

బందరు_హుండీ
పాపం చేయనివాళ్లకు కూడా శిక్షే కదా. అన్యాయం.

శాసనాల_శాస్త్రి
కఠినమే. అందుకే అది ఆఖరి ఆయుధం. ముందు ఉత్తరాలు నడిచేవి, చాలా తగాదాలు అక్కడే తెమిలేవి.

నాణెం_నరసింహం
దెనియే మాట వచ్చింది కాబట్టి. ప్రొవాన్ దెనియే మీద ఒకవైపు దువ్వెన ఆకారం ఉంటుంది, ఉన్ని దువ్వే దువ్వెన అని చాలామంది అంటారు. అంచున "కాస్త్రీ ప్రువిన్స్" అని ఉంటుంది. దీనికి ఎంత పేరంటే, 12వ శతాబ్దం చివర్లో రోమ్ సెనేట్ కొట్టించిన నాణెం ప్రొవాన్ దెనియేకు అనుకరణే. దాన్ని "ప్రొవిసినో" అనే పిలిచారు. రోమ్ లాంటి నగరం ఇంకో ఊరి నాణేన్ని అనుకరించాల్సి వచ్చిందంటే ఆ ఊరి పరపతి ఏపాటిదో చూడండి. సేకరించేవాళ్లకు ఒక మాట: అమ్మేవాళ్లు రోమ్ నాణేలను ప్రొవాన్‌వని అంటగడుతుంటారు. దువ్వెన పైనా, అంచునా ఏముందో భూతద్దంతో చదివాకే కొనండి.

సీమ_బంగారం
టీవీలో బంగారం ధర చెప్పే ట్రాయ్ ఔన్సు ఈ త్రువా సంతలదే అంటారు. నిజమేనా?

నాణెం_నరసింహం
పేరు అక్కడిదేనని ఎక్కువమంది ఒప్పుకుంటారు. బరువు మాత్రం ఒకటి కాదు. త్రువా మార్కు అనే తూకం 8 ఔన్సులు, 244.75 గ్రాములు. అంటే ఔన్సు 30.59. ఇప్పటి ట్రాయ్ ఔన్సు 31.10 గ్రాములు, ఇంగ్లండులో స్థిరపడినది. చాలా వెబ్‌సైట్లు రెండూ ఒకటే అని రాసేస్తాయి.

చీరాల_పడుగుపేక
ప్రొవాన్‌ను ఒట్టి సంత ఊరుగా చూడొద్దు. అది నేత ఊరు కూడా. నలుపుకు దగ్గరగా ఉండే దాని ముదురు ఉన్ని బట్టకు ఇటలీ దాకా గిరాకీ.

ఉన్ని బట్ట మన నూలు బట్టలా మగ్గం దిగగానే అమ్మకానికి రాదు. మగ్గం దిగినప్పుడు జల్లెడలా పలచగా, జిడ్డుగా ఉంటుంది. దాన్ని నీళ్లు, ఒక రకం జిడ్డు పీల్చే బంకమట్టి వేసి గంటల తరబడి తొక్కాలి, లేదా నీటి మరతో నడిచే కొయ్య సుత్తులతో దంచాలి. జిడ్డు పోతుంది, పోగులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, బట్ట పొడవులోనూ వెడల్పులోనూ బాగా కుదించుకుని దట్టమవుతుంది. తర్వాత కొక్కేలున్న కొయ్య చట్రం మీద సాగదీసి ఆరబెట్టాలి. ముళ్లకాయలతో నూగు లేపాలి. పెద్ద కత్తెరతో ఆ నూగును సమంగా కత్తిరించాలి.

మోసం ఎక్కడ జరుగుతుందంటే, చట్రం మీద. నాలుగు మూరలు కలిసొస్తాయని అతిగా లాగి ఆరబెడతారు. కొన్నవాడు మొదటిసారి తడపగానే బట్ట మళ్లీ ముడుచుకుపోతుంది. నేత ఊళ్లన్నీ కొలతల మీద, ముద్రల మీద అంత పట్టుదలగా ఉన్నది ఇందుకే. ఫ్లాండర్స్, ఉత్తర ఫ్రాన్సు నేత ఊళ్లు "పదిహేడు ఊళ్ల హాన్స్" అని కూటమిగానే సంతలకు వచ్చేవి.

కోటగోడ
ఆ బంకమట్టికీ ప్రొవాన్ సొరంగాలకూ సంబంధం ఉంది. ఎగువ ఊరి కింద పెద్ద సొరంగాల వల ఉంది. రహస్య మార్గాలనీ, గుప్త పూజలనీ కథలు అల్లుతారు. లోపల కనీసం కొంత భాగం ఉన్ని శుద్ధికి వాడే మట్టి కోసం తవ్వినదే అన్నది పరిశోధకుల వాదన. గది, స్తంభం, గది అన్నట్టు సాగే ఆ తవ్వకం తీరు కూడా గనిలాగే ఉంటుంది. నీటి మరలకు, రంగుల తొట్లకు నీళ్లు చాలక దిగువ ఊళ్లో "దొంగ ఏరు" అనే కాలువ కూడా తవ్వుకున్నారు.

ఇళ్లు కూడా వర్తకానికే కట్టారు. కింద రాతి కమానుల గది, సరుకు దాచడానికి. దానికి వీధిలోంచే మెట్లు, ఇంటివాళ్లను కదిలించకుండా బస్తాలు దించుకోవచ్చు. వీధి మట్టాన అంగడి. పైన కాపురం. అప్పట్లో సరుకుకు పెద్ద భయం నిప్పు. రాతి కమాను కింద ఉన్న బట్ట, పైన కొయ్య ఇల్లు కాలిపోయినా మిగిలేది.

గట్టుమీద_గోపాలం
ఇంత పకడ్బందీగా కట్టుకున్నది ఎలా కూలింది? సముద్ర మార్గం వల్లే అని చదివాను. 1277లో జెనోవా ఓడలు జిబ్రాల్టర్ చుట్టి ఫ్లాండర్స్ చేరాయి కదా.

సంతలెక్క
అదే ప్రధాన కారణం. బరువైన సరుకుకు ఓడ ఎప్పుడూ చవకే. దానికి తోడు ఇటలీ కంపెనీలు ఫ్లాండర్స్‌లోని బ్రూజ్, పారిస్, లండన్‌లలో శాఖలు తెరిచాయి. మనిషి అక్కడే కాపురముంటే సంతకు ఎందుకు వెళ్తాడు?

శాసనాల_శాస్త్రి
ఒప్పుకోను. తేదీలు చూడండి. వెనిస్ ఓడల వరుస 1314లో గానీ మొదలు కాలేదు. సంతల సుంకం అంతకు ముందే, 1290ల నుంచే పడిపోతోంది. 1284లో షాంపేన్ వారసురాలు జాన్ ఫ్రాన్సు యువరాజును పెళ్లాడింది, 1285లో అతను నాలుగో ఫిలిప్‌గా రాజయ్యాడు. సంతలు రాజు చేతికి వెళ్లాయి. కౌంట్లకు సంతలే బతుకుతెరువు. రాజుకు అవి చాలా ఆదాయాల్లో ఒకటి, పైగా యుద్ధంలో ఆయుధం. 1291లో ఇటలీ వర్తకులను పట్టి బంధించి సొమ్ము గుంజాడు. 1297 నుంచి ఫ్లాండర్స్‌తో యుద్ధం, బట్ట తెచ్చేవాళ్లే శత్రువులయ్యారు. 1306లో యూదులను వెళ్లగొట్టాడు. ఎవరి మాట మీద దారి నడిచిందో ఆ మాటే లేకుండా పోయాక వర్తకుడు వేరే దారి వెతుక్కున్నాడు. సముద్రం ఆ వేరే దారి మాత్రమే.

సంతలెక్క
ఓడలు లేకపోతే వేరే దారే ఉండేది కాదు కదా, శాస్త్రిగారూ. కోపమొచ్చినా సంతకే తిరిగొచ్చేవారు. రెండూ కలిస్తేనే దెబ్బ.

శాసనాల_శాస్త్రి
కలిశాయనే నేనూ అంటాను. ఏది ముందు అన్నదగ్గరే మన తేడా.

చీరాల_పడుగుపేక
ఊరి లోపలి గొడవలు కూడా లెక్కలోకి తీసుకోండి. 1230లో నాలుగో తిబో ఊరికి స్వపరిపాలన పత్రం ఇచ్చాడు, మేయరు వచ్చాడు. 1280లో మేయరు గియోమ్ పాంత్‌కోత్ పన్ను భారం మోయడానికి నేతగాళ్ల పనివేళ ఒక గంట పెంచాడు. నేతగాళ్లు తిరగబడి అతన్ని చంపేశారు. అప్పట్లో షాంపేన్ పాలన చూస్తున్నది జాన్ సవతి తండ్రి, ఇంగ్లండు రాజకుమారుడు ఎడ్మండ్. తిరుగుబాటును గట్టిగా అణచాడు, మరుసటి ఏడు క్షమాపణ ఇచ్చాడు. నేతలో అంత గాయమైన ఊరు అంత తేలిగ్గా కోలుకోదు.

కోటగోడ
దానికి కొనసాగింపు ఇంకా ఆశ్చర్యం. 1320 ప్రాంతంలో ఊరివాళ్లను, చుట్టుపక్కల పల్లెలవాళ్లను ఒక్కొక్కరినీ అడిగారు: మేయరు పాలన కావాలా, నేరుగా రాజు పాలన కావాలా అని. సుమారు 2,700 మంది జవాబిచ్చారు, అందులో 350 మంది దాకా ఆడవాళ్లు. మేయరు కావాలన్నది 156 మంది. మిగతావాళ్లంతా రాజే మేలన్నారు. మేయరు పన్నుల కింద ఎంత నలిగిపోయి ఉంటే అలా అంటారు!

కాకతి_కలం
14వ శతాబ్దంలో ఆడవాళ్లను కూడా లెక్కపెట్టి అడిగారా! దీనికి వేరే చర్చ తెరవాలి.

మిద్దెతోట_మంగ
ప్రొవాన్ గులాబీ సంగతి ఎవరూ ఎత్తలేదేం?

నర్సరీ_నాగేశ్
రోజా గాలికా అఫిసినాలిస్, మందుల దుకాణాల గులాబీ. నాలుగో తిబో 1240 ప్రాంతంలో క్రూసేడు నుంచి తెచ్చాడని కథ. గాలికా జాతి యూరప్‌లో సహజంగానే పెరుగుతుంది కాబట్టి ఆ కథను నేను నమ్మను. ఊరికి వచ్చిన పేరు మాత్రం నిజం. ఎండిన రేకుల్లో వాసన నిలబడుతుంది, అందుకే దూరప్రాంతాలకు ఎగుమతి అయింది.

అక్కడి గులాబీ రేకుల పాకం మన గుల్కంద్‌కు చుట్టం. పువ్వు పూర్తిగా విచ్చకముందే తెంపాలి. రేకు మొదట్లో ఉండే తెల్లటి భాగం కత్తిరించేయాలి, లేదంటే చేదు దిగుతుంది. ఆరబెడితే నీడలో, త్వరగా. ఎండ తగిలితే రంగు పోతుంది, తేమ ఉంటే బూజు పడుతుంది.

మొక్క కొనేవాళ్లకు: ప్రొవాన్ గులాబీ వేరు, ప్రొవాన్స్ గులాబీ వేరు. రెండోది సెంటిఫోలియా, వంద రేకులది. గాలికా ఏడాదికి ఒక్కసారే, వేసవి మొదట్లో పూస్తుంది. దానికి గట్టి చలికాలం కావాలి.

మిద్దెతోట_మంగ
అయితే గుంటూరులో పెట్టుకోవద్దు.

నర్సరీ_నాగేశ్
వద్దండి. గుల్కంద్ కోసమే అయితే దమాస్క్ రకం పెట్టుకోండి.

గట్టుమీద_గోపాలం
వచ్చే వేసవిలో మావాళ్లు పారిస్ వెళ్తున్నారు. ఒక్కరోజులో ఏం చూడమనాలి?

కోటగోడ
పారిస్ గార్ ద లెస్త్ స్టేషన్ నుంచి పి లైను రైలు, గంటన్నరలోపే. స్టేషను దిగువ ఊళ్లో ఉంటుంది. ముందు సెయింట్ ఆయుల్ చూసి పైకెక్కమనండి. 1121లో సొయిసాన్‌లో జరిగిన చర్చి సభ శిక్షించిన తర్వాత తత్వవేత్త అబెలార్ తలదాచుకున్నది ఆ మఠంలోనే.

పైన సీజర్ బురుజు. పేరుకే సీజర్, కట్టడం 12వ శతాబ్దానిది. కింద చదరం, పైకి వెళ్లేకొద్దీ ఎనిమిది పలకలు. బురుజు అడుగున చుట్టూ ఉన్న గుండ్రటి దిమ్మె 15వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు కట్టింది. పక్కనే సెయింట్ కిరియాస్. లోపలికి వెళ్లగానే గర్భాలయం వైపు ఎత్తు చూసి, వెనక్కి తిరిగి నడవ పొడవు చూడమనండి. ఉదార హెన్రీ కౌంట్ పెద్ద నమూనాతో మొదలుపెట్టించాడు, డబ్బు ఆగిపోయి నడవ పొట్టిగా మిగిలింది. గుమ్మటం 1662 అగ్నిప్రమాదం తర్వాతది. షాతెల్ కూడలిలో పాత బావి పక్కన "మార్పిళ్ల శిలువ" ఉంటుంది, నాణేల మార్పిడిదారుల చోటు అది. లింగయ్య గారు చెప్పిన లెక్కలన్నీ ఆ చుట్టుపక్కలే తెమిలేవి.

మధ్యాహ్నం సెయింట్ జాన్ ద్వారం నుంచి జువి ద్వారం దాకా కోట గోడ వెంట నడవాలి. సొరంగాలకు గైడుతోనే అనుమతి. ముందుగా వేళ కనుక్కోకపోతే తలుపు మూసి ఉంటుంది. లోపల చలి, ఎండాకాలమైనా పలచటి స్వెటరు ఉండాలి.

లెక్కల_లింగయ్య
కోట గోడ అంత బాగా నిలబడిందంటే కారణం కూడా ఈ పతనమే. పెరిగే ఊరైతే గోడ కూల్చి వీధులు వేసుకునేది. 2001లో యునెస్కో జాబితాకెక్కింది సంత ఊరి నమూనా చెక్కుచెదరకుండా ఉన్నందుకే.

సంతలెక్క
శాస్త్రిగారూ, 1349లో ఆరో ఫిలిప్ సంతలకు పాత హక్కులన్నీ తిరిగిస్తూ శాసనం చేశాడు. మీరన్నట్టు పూచీయే అసలు కారణమైతే, పూచీ తిరిగొచ్చాక సంతలు కూడా తిరిగి లేవాలి కదా?

శాసనాల_శాస్త్రి
ముందటేడే ప్లేగు వచ్చింది, ఇంగ్లండుతో యుద్ధం నడుస్తోంది. పైగా కాగితం మీద పూచీ రాసినంత మాత్రాన సరిపోదు. వెనకటి కౌంట్లు వందేళ్లకు పైగా ఏ ఒక్క దోపిడీనీ వదలకుండా వెంటపడి నిలబెట్టుకున్న నమ్మకం అది. రాజులు అరవై ఏళ్లు దాన్ని వాడేసుకున్నాక, ఒక శాసనం చూసి జెనోవా వాడు ఆల్ప్స్ ఎందుకు ఎక్కుతాడు?

సంతలెక్క
బ్రూజ్‌లో ఇల్లు కట్టుకున్నాడు కాబట్టి ఎక్కడు, అంటాను నేను. సుంకాల పద్దులు ఏడాదివారీగా ఒక పట్టికలో పెడతాను, 1277కు ముందూ వెనకా. అప్పుడు మళ్లీ వాదించుకుందాం.